వెండి మీద అక్షరం, రాగి మీద ఏనుగు

టిప్పు సుల్తాన్ ముద్రించిన వెండి నాణేల మీద ఏనుగు బొమ్మ లేదు. ఆయన రాగి పైసాల మీద ఏనుగు లేనిది దాదాపు లేదు. పాలకుడొకడే, టంకశాల ఒకటే, రూపాయికీ పైసాకూ బరువు కూడా ఇంచుమించు ఒకటే. అయినా లోహం మారగానే నాణెం రూపమే మారిపోయింది. బొమ్మా బొరుసా అని నాణెం ఎగురవేసే పిల్లలకు ఆ వెండి రూపాయి ఇస్తే ఆట సాగదు. దానికి రెండువైపులా బొరుసే, అంటే అక్షరాలే.

వన్యమృగాల బొమ్మలున్న వెండి నాణేలను పోగుచేయడం నేడు లోకమంతటా ఒక వ్యసనంగా, ఒక వ్యాపారంగా కూడా పెరిగింది. ఏనుగు, పులి, సింహం ఉన్న వెండి బిళ్ళలను కేవలం సేకరణకర్తల కోసమే ముద్రించే దేశాలున్నవి. వాటిలో ముస్లిం దేశాలు కూడా ఉన్నవి. ఈ పరిస్థితిలో మన దక్షిణ రాయలసీమలో చెల్లుబాటైన నాణేలను వరుసగా పెట్టి చూస్తే వెండికీ మృగానికీ నడుమ చాలాకాలం ఒక గీత ఉన్నట్లు కనబడుతుంది. ఆ గీతను ఎవరు గీశారు, ఎవరు చెరిపారు అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచినది.

ముందుగా స్థలకాలాలు. హైదర్ అలీ మరణించింది శ్రీరంగపట్టణంలో కాదు, చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలో. అది 1782 డిసెంబరు 7. హిజ్రీ 1197వ సంవత్సరం సరిగ్గా అప్పుడే ప్రవేశిస్తున్నది. కుమారుడు మలబారు నుంచి వచ్చి చేరేవరకు తండ్రి మరణవార్తను దాచి ఉంచారు. టిప్పు పేరిట చెప్పుకునే తొలి నాణేల మీద కనిపించే సంవత్సరం ఆ 1197యే. అంటే ఆ నాణేల కాలగణన చిత్తూరు దగ్గర మొదలైందని అనడంలో అతిశయోక్తి లేదు.

ఇక టంకశాల. మైసూరు రాజ్యంలో శ్రీరంగపట్టణం, నగరం, బెంగుళూరు మొదలైన చోట్ల టంకశాలలుండేవి. టిప్పు తన రాజ్యంలోని అనేక పట్టణాలకు కొత్త పేర్లు పెట్టి, ఆ పేర్లనే నాణేలపై వేయించాడు. అనంతపురం వైపు ఉన్న గుత్తి "ఫైజ్ హిసార్" అయింది. 2022 జిల్లాల విభజన వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న గుర్రంకొండ "జఫరాబాద్" అయింది. జఫర్ అంటే విజయం. గుర్రంకొండ హైదర్ కుటుంబానికి పరాయి ఊరు కాదు. టిప్పు తల్లి ఫఖ్రున్నీసా కడప కోటకు అధిపతిగా ఉండిన మీర్ మొయినుద్దీన్ కుమార్తె. ఆమె సోదరుడు మీర్ రజా అలీఖాన్ గుర్రంకొండకు అధిపతి. అక్కడి మక్బరా ఆయనదే. ఆ విధంగా మేనమామ ఊళ్ళో మేనల్లుడి పైసాలు తయారైనవి. జఫరాబాద్ అని పారసీలో చెక్కిన ఆ రాగి పైసాల రెండవవైపున ఏనుగు నిలబడి ఉంటుంది.

ఈ ఏనుగు టిప్పు కల్పన కాదు. దక్షిణాదిలో లోహాలకు వేరువేరు వంశాలున్నవి. విజయనగర కాలంలో పెద్ద లావాదేవీలకు బంగారం, సంతకూ కూలికీ రాగి. వెండికి ఇక్కడ చోటు తక్కువ. బంగారు నాణేన్ని మనం "వరహా" అంటున్నాము. దానిమీద ఒకప్పుడు వరాహం బొమ్మ ఉండేది కనుకనే ఆ పేరు. పందిని హరామ్‌గా ఎంచే ముస్లిం కుటుంబాలలో కూడా ఇన్ని వరహాలు, అన్ని వరహాలు అని లెక్క చెప్పుకున్నారు. ఆ మాట పుట్టుక ఎవరికీ గుర్తులేదు. అచ్యుతరాయలు బంగారంపై గండభేరుండాన్ని వేయించాడు. చంద్రగిరి నుంచి ఏలిన వేంకటపతి రాయలు తిరుమల వేంకటేశ్వరుని రూపాన్నే వేయించాడు. రాగి మీద ఎద్దు, ఏనుగు మొదలైనవి ఉండేవి. అంతకు చాలా పూర్వమే పశ్చిమ గంగుల నాటి బంగారు నాణేలపై ఏనుగు ఉన్నది. చదువురాని రైతుకు కూడా చేతిలోని కాసు ఏ ప్రభుత్వానిదో బొమ్మే చెప్పేది.

వెండి సంగతి వేరు. వెండి రూపాయి మన ప్రాంతానికి ఉత్తరాది నుంచి, మొగలుల వెంట వచ్చింది. వచ్చేటప్పుడే అది తన సంప్రదాయంతో, అంటే పాలకుని పేరు, టంకశాల పేరు, పట్టాభిషేక సంవత్సరం అన్న పారసీ అక్షరాలతో వచ్చింది. చిత్తూరు సీమకు బాగా తెలిసిన వెండి ఆర్కాటు రూపాయి. 1742లో అనుమతి పొంది ఇంగ్లీషు కంపెనీ మద్రాసులో కూడా ఆర్కాటు రూపాయలు ముద్రించసాగింది. ఫ్రెంచివారు పుదుచ్చేరిలో అదే పని చేశారు. మద్రాసు రూపాయికి తామరపువ్వు గుర్తు, పుదుచ్చేరి రూపాయికి నెలవంక గుర్తు. అంతకుమించి బొమ్మలేదు. క్రైస్తవ వర్తకులు సైతం మొగలు చక్రవర్తి పేరున పారసీ లిపినే అచ్చుగుద్దవలసి వచ్చింది. అలా లేకపోతే ఆ రూపాయిని సరాఫు పుచ్చుకోడు!

కాబట్టి టిప్పు వెండిపై మృగం లేకపోవడానికి మతమొక్కటే కారణమని చెప్పేవారు తొందరపడుతున్నారని నా అభిప్రాయం. తొలితరం ముస్లింలు వాడిన వెండి దిర్హమ్‌లు ససానీ పారశీకుల నమూనావే. రాజు ముఖం, అగ్నివేదిక అలాగే ఉండేవి. అంచున "బిస్మిల్లాహ్" చేరింది. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో బంగారు దీనార్‌నూ, 79లో వెండి దిర్హమ్‌నూ బొమ్మలు తీసివేసి అక్షరమయం చేశాడు. ఆ నమూనా ఇస్లామీ లోకానికి ప్రమాణమైంది. కాని మినహాయింపులు లేకపోలేదు. అనటోలియాలో రెండవ కైఖుస్రౌ అనే సల్జూకీ సుల్తాన్ 1240 ప్రాంతంలో సింహమూ సూర్యుడూ ఉన్న వెండి దిర్హమ్‌లు ముద్రించాడు. ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ నాణేలపై ఆయన చిహ్నమైన సింహం నడుస్తూ ఉంటుంది. జహాంగీర్ 1618లో ఒక కొత్త ఆలోచన చేసి, నాణెంపై నెల పేరు రాసే బదులు ఆ నెల రాశి బొమ్మ వేయించాడు. అహ్మదాబాదులో తయారైన ఆ వెండి రూపాయలలో సింహం, కర్కాటకం ఉన్నవి. షాజహాన్ వాటిని వెనక్కు రప్పించి కరిగించాడని చెబుతారు. 1819లో అవధ్ పాలకుడు గాజీయుద్దీన్ హైదర్ రూపాయిపై రెండు చేపలు, వాటికి చెరోపక్క జెండా పట్టిన క్రూరమృగం. ఇవన్నీ ముస్లిం పాలకుల వెండియే. బొమ్మ వేయించాలనుకున్నవారికి అడ్డు లేకపోయిందనే చెప్పాలి.

టిప్పు విశిష్టత మరొకటి. ఆయన గీతను వారసత్వంగా పొంది, దానికి ఒక అర్థాన్ని కల్పించాడు. ఇది ఆయన నాణేలకు పెట్టిన పేర్లలో తెలుస్తుంది. పరిపాలన మధ్యకాలం నుంచి ఒక్కొక్క నాణేనికి ఒక్కొక్క పేరు పెట్టి, ఆ పేరును నాణెం మీదనే చెక్కించాడు. రెండు రూపాయల వెండి నాణెం "హైదరీ". హైదర్ అన్నది హజ్రత్ అలీ (రజి) బిరుదు, అదే తండ్రి పేరు కూడా. రూపాయి "ఇమామీ". అర్ధ రూపాయి "ఆబిదీ", పావలా "బాఖిరీ", బేడ "జాఫరీ", అణా "కాజిమీ". జైనుల్ ఆబిదీన్, ముహమ్మద్ బాఖిర్, జాఫర్ సాదిఖ్, మూసా కాజిమ్ అనే ఇమాముల పేర్లు వంశక్రమంలోనే, తండ్రి తరువాత కొడుకుగా దిగివచ్చినవి. రూపాయిలో ముప్పది రెండవ వంతు, మూడో వంతు గ్రాముకు కొంచెం పైబడిన చిన్న వెండి తునక "ఖిజ్రీ". అది హజ్రత్ ఖిజ్ర్ పేరు. బంగారంలో పెద్దది "అహ్మదీ", దానిలో సగం "సిద్దీఖీ", వరహా "ఫారూఖీ". దైవప్రవక్త (స) శుభనామం, ఆ తరువాత తొలి ఇద్దరు ఖలీఫాల బిరుదులు. సున్నీలు, షియాలు గౌరవించే పేర్లు ఒకే ఖజానా పెట్టెలో సర్దుకున్నవి.

రాగికి వచ్చేసరికి నక్షత్రాలు! పైసా "జోహ్రా", అనగా శుక్రుడు. అర పైసా "బహ్రామ్", అంగారకుడు. పావు పైసా "అఖ్తర్", నక్షత్రం. అందులో సగం "ఖుత్బ్", ధ్రువతార. ఒక్క రెండు పైసాల నాణేనికి మాత్రం మొదట "ఉస్మానీ" అన్న పేరు పెట్టారు. అహ్మదీ, సిద్దీఖీ, ఫారూఖీ బంగారమై, హైదరీ వెండియైన తరువాత మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) పేరు రాగికి వచ్చింది. ఆ రాగి మీద ఏనుగు ఉన్నది. కొంతకాలానికి ఆ పేరును తీసివేసి "ముష్తరీ" అని మార్చారు. ముష్తరీ అంటే బృహస్పతి. అంతటితో రాగి మొత్తం గ్రహతారకల పాలైంది. పూజ్యుల పేర్లు వెండి బంగారాలకే మిగిలినవి.

పేరు మార్పుకు రెండు కారణాలు ఊహించవచ్చును. రాగి వరుసలో అన్నీ తారలే ఉండగా ఇదొక్కటే వేరుగా ఉండడం లెక్కల మనిషికి నచ్చకపోయి ఉండవచ్చు. టిప్పు కొలతలు, తూకాలు, నెలల పేర్లు అన్నిటినీ ఒక క్రమంలో పెట్టాలని తపించినవాడు. లేదా ఒక ఖలీఫా పేరు జంతువు బొమ్మతో కలిసి సంతలో పచ్చిచేపల బుట్టలో పడటం కొందరికి కష్టం కలిగించి ఉండవచ్చు. నేను రెండవదాని వైపే మొగ్గుతాను. ఎందుకంటే మార్పు తరువాత మిగిలిన అమరిక ఆ అభిప్రాయానికి అతికినట్లు సరిపోతున్నది.

వెండి రూపాయి మీది వాక్యాలను కూడా చూడవలె. ఒకవైపు, అహ్మద్ ధర్మం హైదర్ విజయంతో లోకంలో వెలుగొందుతున్నదన్న భావం. రెండవవైపు, సుల్తాన్ ఆయనే, అద్వితీయుడు, న్యాయవంతుడు అన్న భావం. ఆ రెండవ వాక్యం దేవునికీ వర్తిస్తుంది, పాలకునికీ వర్తిస్తుంది. అది కావాలని చేసిన చమత్కారమే. ఢిల్లీ చక్రవర్తి షా ఆలం పేరు మాత్రం ఎక్కడా లేదు. కంపెనీ, నవాబులు, మరాఠాలు కూడా షా ఆలం పేరున రూపాయలు కొడుతున్న రోజులవి. ఆ పేరు మానివేయడమంటే తాను ఎవరికీ తాబేదారును కానని ప్రకటించడమే. ఆ మాట చెప్పడానికి వెండి మీద ఖాళీ జాగా ఎంతో అవసరం. ఏనుగు నిలబడితే వాక్యం ఎక్కడ పడుతుంది?

ఇక్కడ ఒక ఆకర్షణీయమైన వాదాన్ని పరిశీలించి వదిలిపెట్టాలి. టిప్పు హిజ్రీ 1200 తరువాత నాణేలపై హిజ్రీ సంవత్సరాన్ని మానివేసి "మౌలూదీ" శకాన్ని ప్రవేశపెట్టాడు. ఈ శకంలో తొలి నాణేల సంవత్సరం 1215, అది సుమారుగా క్రీ.శ. 1787. తీసివేస్తే 572 వస్తుంది. అంటే ఈ శకం దైవప్రవక్త (స) జన్మకాలం నుంచి సౌరమానంతో లెక్కించినట్లు తెలుస్తున్నది. ఆ జన్మ సంవత్సరాన్ని చరిత్రలో "ఆముల్ ఫీల్", అంటే ఏనుగు సంవత్సరం అంటారు. అబ్రహా ఏనుగులతో కాబాపైకి దండెత్తివచ్చిన సంవత్సరమది. దివ్య ఖుర్ఆన్‌లో "ఫీల్" సూరా ఆ సంఘటన గురించినదే. ఏనుగు సంవత్సరం నుంచి లెక్కించే శకం, నాణెంపై ఏనుగు! రెంటికీ సంబంధం ఉండి తీరాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని తేదీలు ఒప్పుకోవు. హైదర్ అలీ చివరి రోజుల రాగి నాణేలపైనే ఏనుగు ఉన్నది. టిప్పు మొదటి నాలుగేళ్ళ హిజ్రీ పైసాలపైనా ఉన్నది. మౌలూదీ శకం ఆ తరువాత వచ్చింది. పైగా సూరాలో ఆ ఏనుగుల దళం నాశనమైన దళం. దానిని రాజచిహ్నంగా ఎన్నుకునే ముస్లిం పాలకుడు ఉండడు. 1799 తరువాత మైసూరు ఒడయార్లు కూడా రాగిపై ఏనుగునే కొంతకాలం కొనసాగించారు, ఆ పిమ్మట సింహాన్ని తెచ్చారు. కనుక ఆ ఏనుగు ఈ నేల ఏనుగే, మక్కా దారిలోనిది కాదు.

మరి పులి? టిప్పు పేరు చెప్పగానే పులి గుర్తుకు వస్తుంది. సింహాసనం, ఫిరంగులు, సైనికుల దుస్తులు అన్నిటిపై పులియో పులిచారలో ఉండేవి. సిపాయిని కరుస్తున్న మరబొమ్మ పులి లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. అలీ (రజి) బిరుదుల్లోని "అసదుల్లాహిల్ గాలిబ్" అనే మాటను, అంటే విజేతయైన దైవసింహం అన్న అర్థం గల అరబీ పదాలను, పులిముఖం ఆకారంలో అల్లి ఆయుధాలపై చెక్కించేవారు. ఇంత ఇష్టమైన మృగాన్ని కూడా ఆయన వెండిపైకి రానివ్వలేదు. పులి రాజు సొత్తు, ఏనుగు సంత సొత్తు, వెండి అక్షరం సొత్తు అన్నట్లు విభజించుకున్నాడు.

ఆ విభజనను చెరిపినవారు ఎవరో ఇప్పుడు చెప్పవలసి ఉన్నది. 1799 మే 4న శ్రీరంగపట్టణం పడిపోయింది, టిప్పు కోటలో పోరాడుతూ ప్రాణం విడిచాడు. కంపెనీ తన సైనికులకు ఆ విజయానికి గుర్తుగా ఒక పతకం పంచింది. బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో తయారై 1808లో అందిన ఆ పతకాన్ని కుక్లర్ అనే శిల్పి చెక్కాడు. సుమారు 48 మిల్లీమీటర్ల ఆ బిళ్ళపై బ్రిటిష్ సింహం పులిని కిందపడవేసి తొక్కుతున్నది. పైన ఎగురుతున్న జెండాపై అరబీ అక్షరాలు ఉన్నవి. ఆ అక్షరాలు మరేవో కావు, "అసదుల్లాహిల్ గాలిబ్". టిప్పు ఆయుధాలపై ఉన్న మాటనే తీసి, బ్రిటిష్ సింహానికి బిరుదుగా తగిలించారు. సేనాధిపతులకు బంగారు పతకం, పై అధికారులకు పూత పూసినది, కెప్టెన్లకూ వారి కింది అధికారులకూ వెండిది, చిన్న అధికారులకు కంచుది, సామాన్య సిపాయిలకు తగరపుది. మద్రాసు సైన్యంలో తెలుగువారు, ముస్లింలు ఎందరో ఉన్నారు. నిజాం సేన కూడా ఆ యుద్ధంలో కంపెనీ పక్షాననే నిలిచింది. ఈ సంగతి దాచి చరిత్ర రాయడం న్యాయం కాదు. ఆ తగరపు బిళ్ళను మెడలో వేసుకున్న ముస్లిం సిపాయికి ఆ అరబీ మాట చదవడం వచ్చి ఉంటే అతనికేమనిపించి ఉంటుంది?

నేడు వేలంపాటలలో ఆ వెండి పతకానికి మంచి గిరాకీ ఉంది. టిప్పుకు సంబంధించిన "వెండి మీద మృగం" కావాలని పట్టుబట్టే సేకరణకర్తకు నిజంగా దొరికేది అదొక్కటే. అది ఆయనను చంపినవారు చేయించినది. ఎవరైనా ఏనుగు ఉన్న టిప్పు వెండి రూపాయి అని చూపిస్తే అది కొత్తగా పోతపోసినదై ఉండాలి, లేదా రాగి పైసాకు వెండి పూత పూసినదై ఉండాలి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చినదే. క్రమేణ రూపాయిపైకి బ్రిటిష్ రాజు ముఖం వచ్చింది. అయినా జంతువు మాత్రం రాలేదు. వచ్చిన ఒక్కసారీ గొడవే జరిగింది. ఉత్తర ఆర్కాటు, కడప తాలూకాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరచిన 1911లోనే అయిదవ జార్జి రూపాయి విడుదలైంది. రాజు వస్త్రంపై, ఆయన ధరించిన బిరుదు హారంలో ఒక చిన్న ఏనుగును చెక్కారు. తొండం పొట్టిగా పడటం వల్ల అది ఏనుగులా కాక పందిలా కనిపించింది. మతాన్ని అపవిత్రం చేయడానికే పందిని వేశారన్న మాట దావానలంలా వ్యాపించింది. 1857లో తూటాల కొవ్వు ఎంత పని చేసిందో ప్రభుత్వం మరచిపోలేదు. సుమారు 94 లక్షల రూపాయలు ముద్రించగా అప్పటికి బయటికి పోయినవి 7 లక్షల దాకా. మిగిలినవి వెనక్కు తీసుకుని కరిగించారు. 1912 రూపాయిలో తొండం పొడుగు చేసి, చెవి స్పష్టంగా దిద్దారు. సేకరణకర్తలు ఆ 1911 నాణేన్ని నేటికీ "పంది రూపాయి" అనే అంటారు.

గోరంత బొమ్మకు అంత గొడవ ఎందుకని నవ్వేవారున్నారు. వరహా మీద నిజమైన వరాహమే ఉన్న రోజుల్లో లేని అభ్యంతరం రూపాయి మీద పందిలాంటి ఏనుగుకు వచ్చింది. కారణం పంది కాదు, పాలకుని మీది అపనమ్మకం. తన రాజు వేసిన బొమ్మను జనం చూసీ చూడనట్లు పోనిస్తారు. పరాయివాడి నాణేన్ని మాత్రం భూతద్దంతో చూస్తారు.

ఆ తరువాత ఒక విచిత్రం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వెండి కొరతతో రూపాయిలోని వెండి సగానికి తగ్గింది. యుద్ధం ముగిశాక 1946లో అర్ధ రూపాయి, పావలా, 1947లో రూపాయి పూర్తిగా నికెల్‌వి అయినవి. ఆ నికెల్ నాణేల మీద నడుస్తున్న పులి వచ్చింది. నాణెంలోంచి వెండి పోయిన రోజునే మృగం వచ్చిందన్నమాట. స్వతంత్ర భారతంలో కూడా అంతే. ఖడ్గమృగం 1988లో ఉక్కు పావలా మీదికి వచ్చింది, 2011 జూన్ 30తో ఆ పావలా చెల్లుబాటే ఆగిపోయింది. అల్ప లోహానికి జంతువు అన్న టిప్పు కాలపు పద్ధతి, ఎవరూ తలపెట్టకుండానే, మళ్ళీ వచ్చి కూర్చున్నది.

వెండిపై మృగం తిరిగి వచ్చింది మారకం కోసం కాదు, దాచుకోవడం కోసం. 1970 దశకంలో వన్యప్రాణి సంరక్షణకు నిధులు కూర్చేందుకు అనేక దేశాలు వెండి నాణేలు వెలువరించినవి. ఇండోనేషియా 1974లో జావా పులిని వేసింది. పాకిస్తాన్ 1976లో ఘరియాల్ మొసలిని వేసింది. జావా పులి ఆ తరువాత లోకంలోనే లేకుండా పోయింది; నాణెం మాత్రం సేకరణకర్తల పెట్టెల్లో ఉన్నది. 2004 నుంచి సోమాలియా పేరున ఏటేటా ఏనుగు బొమ్మతో వెండి నాణేలు వస్తున్నవి. అవి తయారయ్యేది జర్మనీలో, బవేరియా టంకశాలలో. మొగదిషు సంతలో ఆ నాణెంతో పాలు కొన్నవారెవరూ ఉండరు. పేరుకు ముస్లిం దేశపు ద్రవ్యం, నిజానికి పరదేశంలో పోతపోసి పరదేశీయులకు అమ్మే వెండి ముద్ద. దీనిని నాణెం అనడానికి నాకు మనసొప్పదు.

మన ఇళ్ళలోని పాత వెండి సంగతి కూడా కొంత చెప్పాలి. బ్రిటిష్ కాలపు రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. జకాత్‌కు వెండి నిసాబ్ రెండువందల దిర్హమ్‌లు. మన దేశంలో దానిని యాభై రెండున్నర తులాలుగా లెక్కించారు. కాబట్టి త్రాసు లేని ఇంట్లోనూ రూపాయలు ఎంచుకుంటే తూకం తెలిసేది. ఆ రూపాయలలో చాలా భాగం కొక్కెం అతికించి పేర్లుగా, మొలతాళ్ళుగా గుచ్చారు. టంకం పడిన నాణెం సేకరణకర్తకు పనికిరాదు గనుక అవి కమసాలి కొలిమిలోనే ముగుస్తున్నవి. వాటితోపాటు ఏ ఇమామీయో బాఖిరీయో ఉన్నా తెలుసుకునేవారు లేరు.

గుర్రంకొండ, గుత్తి ప్రాంతాలవారు ఇంట్లో నల్లబడిన పాత పైసాను చింతపండుతో తోమకుండా ముందు నీటితో కడిగి చూడాలి. ఏనుగు ఉన్నవైపు కాక రెండవవైపు చదవాలి. అక్కడ "జర్బ్" అన్న పదం, దాని పక్కన జఫరాబాద్ గాని ఫైజ్ హిసార్ గాని ఉండవచ్చును. చివరి సంవత్సరాల పైసాలపై ఏనుగు వీపుకు ఎగువన ఒక అరబీ అక్షరం కూడా ఉంటుంది. మౌలూదీ నాణెమైతే అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి; 7121 అని కనిపించేది 1217. పొలంలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం.